అవే అనే మాట దగ్గర

జూన్ 4, మంగళవారం

అక్క వెళ్లి ఈరోజుకి తొమ్మిది రోజులు.

సంతోషంగానే ఉంది. యాభై నాలుగేళ్ల వయసులో మనిషికి ఒక తోడు దొరకడమంటే మాటలు కాదు. పెళ్లికి రిజిస్టరు ఆఫీసులో సాక్షి సంతకం నేనే పెట్టాను. ఆయన కళ్లద్దాల దుకాణం నడుపుకునే మనిషి. భార్య పోయి ఆరేళ్లయింది. అక్క ఆసుపత్రిలో మందుల కౌంటర్ దగ్గర కూర్చుంటుంది కదా, అక్కడికి చీటీ పట్టుకొచ్చారట. డాక్టరు రాత ఎంతకీ కొరుకుడు పడక ఇద్దరూ తలలు ఆనించి చదివారట. అలా మొదలైంది. నవ్వుకోవాల్సిన కథే.

వాళ్లిల్లు ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారాలి.

ఈ రెండు గదుల్లో ఇరవై రెండేళ్లు ఇద్దరం ఉన్నాం. ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా ఆ ఇరుకు వంటింట్లో తిరగడం అలవాటైపోయింది. ఈరోజు టీ పెట్టుకుంటూ పక్కకి జరిగాను. ఎవరికి దారి ఇచ్చానో తెలియలేదు.

జూన్ 5, బుధవారం

ఆఫీసులో 'అవే' అనే ఇంగ్లీషు మాట దగ్గరికి వచ్చాం. బడిపిల్లల ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది, ఇంకా మొదటి అక్షరం దాటలేదు. ఆ అక్షరం నెలాఖరుకి ప్రెస్సుకి వెళ్లాలి. ఒక్కో మాటకి ఒక్కో కార్డు. పైన మాట, కింద అర్థాలు, ఒక్కో అర్థానికి ఒక వాక్యం. 'అవే' కార్డు మీద నాకు ముందు పనిచేసినవాళ్లెవరో 'దూరముగా' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

పెద్దాయన ఆ కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. డెబ్బై దాటినా చెవి మీద పెన్సిల్ దించని సంపాదకుడాయన.

"దీంతో జాగ్రత్తమ్మాయ్. దూరంగా అని రాసి చేతులు దులుపుకుంటే, గివ్ అవే అంటే దూరంగా ఇవ్వడం అని పరీక్షలో రాసొస్తారు పిల్లలు. రైట్ అవే అంటే సరిగ్గా దూరంగా."

"మరేం రాయమంటారు?"

"అది తెలిస్తే నీకెందుకిస్తాను?"

టైపు చేసే ఆవిడ తెలుగు లిపిలో ఉచ్చారణ కొట్టి నవ్వింది. "అవే అంటే అవే కదండీ. దీనికి మళ్లీ అర్థమెందుకు?"

అవే గదులు, అవే గిన్నెలు, అవే రెండు కుర్చీలు. నేను కూడా నవ్వాను.

జూన్ 7, శుక్రవారం

గూడు సర్దుతుంటే అక్క మాత్రల డబ్బా కనిపించింది. మర్చిపోయినట్టుంది. పనిచేసేది మందుల కౌంటర్లో, తనకి తాను తీసుకోలేకపోతుందా? తుడిచి మళ్లీ గూట్లోనే పెట్టాను.

జూన్ 9, ఆదివారం

అక్క దగ్గర్నుంచి కబురు లేదు. కొత్త సంసారం, తీరిక ఎక్కడుంటుంది.

ఈరోజు ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం గొంతు ఉందో లేదో చూద్దామని పైకి ఒక మాట అన్నాను. "సరే" అన్నాను.

జూన్ 11, మంగళవారం

ఇవాళ ఒక సంగతి తట్టింది. 'అవే'కి తెలుగులో ఒక్క మాట లేదు. ఉండాల్సిన చోట మనం క్రియకి తోక తగిలిస్తాం. మంచు కరిగిపోతుంది. పిట్ట ఎగిరిపోతుంది. రంగు వెలిసిపోతుంది. మనిషి చనిపోతాడు. ఆ 'పోవడం' అంతా వాళ్లకి 'అవే'. అలాగే ఇచ్చేయడం, పారేయడం, దాచేయడం. ఇంకొకటుంది: 'వర్కింగ్ అవే'. అందులో దూరం గీరం ఏమీ లేదు. తల ఎత్తకుండా పని చేసుకుంటూ పోవడం. అక్కడ కూడా మన 'పోవడమే' వచ్చి కూర్చుంది.

పెద్దాయనకి చెబితే పెన్సిల్ తీసి చేతిలో పట్టుకున్నారు. అది ఆయన మెచ్చుకోలు. తర్వాత నా వాక్యాలు చదివారు. మా అక్క ఊళ్లో లేదు. అక్క నా నుంచి ముఖం తిప్పుకుంది. అక్క తన చీరలన్నీ ఇచ్చేసింది. అక్క సామాను సర్దేసింది. మిగతా రెండూ అక్క మీదే.

"అమ్మాయ్, ఆరు వాక్యాల్లో ఆరుగురూ అక్కలే. నడుమ ఒక ఆవుని పెట్టు. పోనీ మబ్బుని పెట్టు."

పెట్టాను. మబ్బు తేలిపోయింది.

జూన్ 12, బుధవారం

కింద ఇంటావిడ మెట్ల దగ్గర ఆపింది.

"ఏమ్మా, పొద్దున్నే మీ ఫోన్ అలా మోగుతూనే ఉంటుంది. ఇంట్లోనే ఉంటారుగా?"

"స్నానంలో ఉంటానండి ఆ టైముకి."

"రోజూనా?"

"రోజూ చేస్తాను కదండీ స్నానం."

ఆవిడ ఇంకేం అనలేదు. అనకుండా ఎలా చూడాలో ఆవిడకి తెలుసు.

సరే, రాస్తాను. కబురు లేదన్నది నిజం కాదు. అక్క వెళ్లిన మర్నాటి నుంచి రోజూ ఏడున్నరకి చేస్తోంది. నేను బల్ల మీద ఫోన్ పెట్టుకుని, అది ఆగేదాకా చూస్తూ కూర్చుంటాను. పన్నెండుసార్లు మోగి ఆగిపోతుంది.

జూన్ 13, గురువారం

ఇదీ రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

పెళ్లికి వారం ముందు, అక్కకి చెప్పకుండా కళ్లద్దాల దుకాణానికి వెళ్లాను. అద్దాల మర వదులైందన్నది వంక. ఆయన కూర్చోమన్నారు. నేను అమ్మ పోయిన ఏడాది గురించి చెప్పాను. అప్పుడు అక్కకి మనసు చెడి, మూడు నెలలు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చిందని. నన్ను కూడా గుర్తుపట్టనట్టు గోడకేసి చూసేదని. అది మళ్లీ ఎప్పుడైనా రావచ్చని. ఆ సంగతి చచ్చినా ఎవరికీ చెప్పకూడదని అక్కా నేనూ ఒట్టేసుకున్నాం. ఇరవై రెండేళ్లు నోరు విప్పలేదు. విప్పి విప్పి అక్కడ విప్పాను.

మీరు తెలుసుకోవాలి కదా, అన్నాను. తెలుసుకోవాలనే చెప్పాను.

తెలుసుకోవాలని కాదు. మానుకోవాలని.

ఆయన అరగదీస్తున్న అద్దం కింద పెట్టి, "ఆ సంగతి ఆవిడే చెప్పారండి, రెండోసారి కలిసినప్పుడు" అన్నారు. తర్వాత చెయ్యి చాపి, "మీ అద్దాలు ఇటివ్వండి. మర వదులైందన్నారుగా" అన్నారు.

మర బిగించినంతసేపూ అద్దాలు లేకుండా కూర్చున్నాను. ఆయన ముఖం మసకగా ఉంది. అదొక్కటే మేలు జరిగింది ఆ రోజు.

ఆయన అక్కకి చెప్పే ఉంటారు. భార్యాభర్తల మధ్య ఇలాంటివి దాగుతాయా? అక్క ఫోన్ చేస్తోంది నిలదీయడానికే. తేలు కుట్టిన దొంగలా నేను కూర్చున్నాను.

జూన్ 16, ఆదివారం

ఏడున్నర దాటింది. మోగలేదు.

జూన్ 17, సోమవారం

మోగలేదు.

జూన్ 18, మంగళవారం

మోగలేదు. పీడా పోయింది.

జూన్ 20, గురువారం

మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన ఆఫీసుకి వచ్చారు. రెండు రోజుల గడ్డం. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నారు. మెట్ల పక్క బెంచీ మీద కూర్చున్నాం. తిట్టడానికి వచ్చారనుకుని ముందే తల దించుకున్నాను.

"మీ అక్కగారికి బాగాలేదండి" అన్నారు. "వారం నుంచి నిద్ర లేదు. సెలవు పెట్టించాను. గోడవైపు తిరిగి కూర్చుంటారు. కంచం ముందు పెడితే కంచాన్ని చూస్తారు. పలకరించకపోతే మాట్లాడరు, పలకరిస్తే ఏడుస్తారు."

"డాక్టరుకి చూపించారా?"

"రానంటున్నారు. నేనెప్పుడూ ఇలాంటిది చూసినవాణ్ణి కాదు. నా భార్యకి వచ్చింది గుండెజబ్బు. అదైతే నాకు తెలుసు. ఇది తెలియదు. అప్పుడు మీరేం చేశారో చెబుతారని వచ్చాను. మీకు ఫోన్ చేద్దామంటే వద్దన్నారు. తనకి పనుంది, విసిగించకండి అన్నారు."

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "మాత్రలు వేసుకుంటోందా?"

"ఏ మాత్రలు?"

ఆ డబ్బా గూట్లో ఉంది. పదమూడు రోజుల క్రితం దాన్ని తుడిచి పెట్టింది నేను.

ఇరవై రెండేళ్లు ప్రతి రాత్రీ పడుకునే ముందు అందులోంచి సగం మాత్ర తీసి అక్క చేతిలో పెట్టింది కూడా నేనే. కౌంటర్లో ఊరందరికీ మందులిచ్చే మనిషి, తన మందు మాత్రం నా చేతిమీదుగానే తీసుకునేది. నేను మర్చిపోతే చెయ్యి చాపేది. నేను లేని చోట ఆ చెయ్యి ఎవరికి చాపుతుంది? ఆ డబ్బా చూసినరోజు ఇదంతా నాకు తట్టలేదా? తట్టింది. తట్టినా గూడు తలుపు వేశాను.

ఇంకొకటి రాయాలి. ఎవరూ చూడరు కాబట్టి రాస్తాను. ఆయన 'గోడవైపు తిరిగి కూర్చుంటారు' అన్నప్పుడు నాకు మొదట కలిగింది భయం కాదు. నేను చెప్పలేదా అనుకున్నాను. ఇక తిరిగి వచ్చేస్తుంది అనుకున్నాను. గుండెలో ఏదో తేలికైంది. ఒక్క క్షణమే. కానీ ఆ క్షణం ఉంది, లేదని అనను.

"నెలాఖరు పని ఉందండీ. రేపో ఎల్లుండో వస్తాను" అన్నాను.

"సరేనండి" అని లేచారు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగారు.

వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. పెద్దాయన తన బల్ల నుంచే అడిగారు.

"ఎవరమ్మాయ్ ఆయన?"

"మా బావగారు." ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఏం జరిగిందో చెప్పాను. అంతా కాదు. అక్కకి బాగాలేదన్నంతవరకు.

పెద్దాయన కాసేపు పెన్సిల్ చివర చూసుకున్నారు. "రైట్ అవేకి ఏం రాశావు?"

"తక్షణం. ఇప్పటికిప్పుడే."

"మరి ఇంకా కూర్చున్నావేం?"

ఇంటికి వెళ్లి డబ్బా తీసుకున్నాను. రెండు జతల బట్టలు. రెండు బస్సులు.

జూన్ 21, శుక్రవారం

పుస్తకం తెచ్చుకోవడం మర్చిపోయాను. నిన్నటి సంగతులూ, ఇవీ బావగారి దుకాణం చీటీల వెనక రాస్తున్నాను. ముందువైపు కంటి పరీక్ష అక్షరాలు, పైన పెద్దవి, కింద చిన్నవి, ఇంకా చిన్నవి. పైనుంచి కిందికి చదివితే ఎవరో మెల్లగా వెళ్లిపోతున్నట్టే ఉంటుంది.

నిన్న నేను వచ్చేసరికి అక్క మంచం మీద గోడవైపు కూర్చుని ఉంది. జుట్టు అట్టకట్టింది. ఏడాదికి నాలుగు చీరలు కొని నలభై రకాలుగా మెచ్చుకునే మనిషి, బావగారి పాత చొక్కా ఒకటి చీర మీద తొడుక్కుని ఉంది. నేను ఎలా ఉన్నావని అడగలేదు. ఆ ప్రశ్న అడగకూడదని ఇరవై రెండేళ్ల క్రితం నేర్చుకున్నాను. పక్కన కూర్చున్నాను. దండెం మీంచి తీసి పడేసిన దుప్పట్లు అక్కడున్నాయి. ఒకదాని కొస నేను పట్టుకుని, రెండో కొస తన ఒళ్లో పెట్టాను.

చాలాసేపు అలాగే ఉంది. తర్వాత పట్టుకుంది. ఇద్దరం కూర్చునే మడత పెట్టాం. సగానికి, మళ్లీ సగానికి. అన్ని దుప్పట్లూ అయిపోతే, మడత పెట్టినవి విప్పి మళ్లీ పెట్టాం. బావగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"ఇదేనా వైద్యం?" అని తర్వాత వంటింట్లో అడిగారు.

"ఇది వైద్యం కాదండీ. వైద్యం దగ్గరికి తీసుకెళ్లే దారి."

ఈరోజు పొద్దున ఇద్దరం చెరో పక్కన నడిచి ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు అక్కకి తెలిసినావిడే. డబ్బా చూసింది, తారీఖులు అడిగింది. మాత్ర ఒక్కసారిగా మానేసినందువల్లే అంది. మళ్లీ మొదలుపెట్టింది, దాంతోపాటు ఇంకొకటి రాసింది. నెమ్మదిగా తేరుకుంటుంది, రెండు మూడు వారాలు పడుతుంది, ఒంటరిగా వదలొద్దు, వారానికోసారి తీసుకురండి అంది.

"ఇంట్లో దగ్గరుండి చూసేది ఎవరు?" అని అడిగింది.

ఇద్దరం ఒకేసారి "నేను" అన్నాం.

జూన్ 23, ఆదివారం

నాలుగు ముద్దలు తింది. మూడు గంటల నిద్ర.

జూన్ 24, సోమవారం

రెండు ముద్దలు.

బావగారికి తల దువ్వడం రాదు. చిక్కు తీయబోయి జుట్టు పీకుతున్నారు. కుదుళ్ల నుంచి కాదు, చివర్ల నుంచి మొదలుపెట్టాలని చూపించాను. అద్దాలు అరగదీసే చేతులు కదా, ఒకసారి చెబితే పట్టేశారు. నేర్చుకోకపోతే బాగుండుననిపించింది.

జూన్ 26, బుధవారం

పెద్దాయన ఫోన్ చేశారు. నా కోసం ఎవరైనా వస్తే "షీ ఈజ్ అవే" అని చెబుతున్నారట. "అది నీ కార్డులో మూడో అర్థం. ఊళ్లో లేకపోవడం, సెలవులో ఉండటం. అయితే ఒక అనుమానం. ఎక్కడో ఒకచోట ఉన్న మనిషిని లేదు అనడం ఏం న్యాయం? ఆలోచించు" అన్నారు. మిగతా వాక్యాలు తనే పూర్తి చేస్తానన్నారు.

"ఆవులు పెట్టకండి" అన్నాను. చాలా రోజుల తర్వాత పని గురించి నవ్వాను.

అక్క ఇటు తిరిగింది. నవ్వు వినిపించినట్టుంది.

జూన్ 28, శుక్రవారం

ఈరోజు మధ్యాహ్నం అక్క మాట్లాడింది. బావగారు దుకాణానికి వెళ్లారు. నేను కిటికీ దగ్గర కూర్చుని తన జాకెట్టుకి ఊడిన హుక్కు కుడుతున్నాను.

"చిన్నీ."

ఆ పేరుతో పిలిచేది లోకంలో ఇంక ఒక్కరే.

"ఊఁ."

"ఫోన్ ఎందుకు తియ్యలేదే?"

సూది ఆపలేదు. ఆపితే చెప్పలేనని తెలుసు. "నేను దుకాణానికి వెళ్లాను. పెళ్లికి ముందు. ఆసుపత్రి సంగతి ఆయనతో చెప్పాను."

"తెలుసు."

"తెలుసా?"

"ఆరోజు సాయంత్రమే చెప్పారు. మీ చెల్లెలు వచ్చింది, పాపం భయపడిపోయి ఉంది అన్నారు."

"తెలిసీ రోజూ ఫోన్ చేశావా?"

"భయపడిపోయి ఉన్నదాన్ని పలకరించరా?"

మిగిలింది కూడా చెప్పాను. డబ్బా కనపడిందని. పదమూడు రోజులు గూట్లో ఉంచానని. అక్క వేసుకోవడం లేదేమోనని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉందని. బావగారు వచ్చి చెప్పినప్పుడు ఒక్క క్షణం సంతోషించానని. అది చెప్పేటప్పుడు మాత్రం సూది వేలికి గుచ్చుకుంది.

మళ్లీ గోడవైపు తిరుగుతుందేమోనని అక్కకేసే చూశాను.

"ఆ సంతోషం నాకెందుకు చెప్పావే?" అంది చివరికి. "అది నీ దగ్గరే ఉంచుకోవాల్సింది."

"అవును."

"నాకు కోపం వస్తోంది."

"రానీ."

"కోపం వచ్చి చాలా రోజులైంది" అంది. కళ్లనిండా నీళ్లు. "డబ్బా నేను మర్చిపోలేదు. కావాలనే వదిలేశాను. కొత్త ఇల్లు, కొత్త మనిషి, ఆ డబ్బా ఒక్కటీ పాతది. నీ చేతి నుంచి మాత్ర తీసుకునే మనిషిగా ఇక్కడికి రాదలుచుకోలేదు. ఆయనకి జబ్బు సంగతి చెప్పాను, మాత్ర ఇంకా నడుస్తోందని చెప్పలేదు. అది నేను చేసిన పని. నువ్వు చేసింది నువ్వు చేశావు. మొత్తం నీ ఖాతాలోనే వేసుకోకు. అన్నిటికీ నేనే కారణమనుకోవడం కూడా ఒక గొప్పేనే."

ఆ మాటలన్నీ చెప్పడానికి తనకి పది నిమిషాలు పట్టింది. మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. చెప్పడం అయ్యాక అలిసిపోయి పడుకుంది. సాయంత్రం దాకా నిద్రపోయింది.

బావగారు వచ్చి, నిద్రపోతున్న అక్కని, నా ఏడ్చిన ముఖాన్ని చూసి, టీ పెట్టారు.

జూలై 1, సోమవారం

స్నానం తనే చేసింది. బావగారి చొక్కా ఉతికి ఆరేసింది.

రాత్రి మాత్ర ఇచ్చే వేళకి డబ్బా నా చేతిలో ఉంది. అక్క చెయ్యి చాపలేదు. డబ్బా మొత్తం తీసుకుని, తనే సగానికి విరిచి, తనే వేసుకుంది. మిగతా సగం బావగారికి చూపించి, "ఇది రేపటిది. మర్చిపోతే గుర్తుచేయండి, నోట్లో మాత్రం పెట్టకండి" అంది.

నా చేతులు ఖాళీగా ఉండిపోయాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జూలై 4, గురువారం

ఇవాళ బావగారు ఒక మాట అన్నారు. ముగ్గురం భోజనాల దగ్గర ఉన్నాం.

"నాకొకటి అనిపిస్తోంది. తప్పయితే తప్పని చెప్పండి. మీ ఇద్దరికీ ఆ ఇల్లు అలవాటు. ఇక్కడైతే పగలంతా నేను దుకాణంలో ఉంటాను. ఒక నెలో రెండు నెలలో అక్కడ ఉండి, పూర్తిగా కోలుకున్నాక వస్తే మంచిదేమో. నేను రోజూ వచ్చి చూసి వెళతాను."

ఆయన కంచంలోకి చూస్తూ చెప్పారు. చెప్పడానికి ఆయనకి ఎంత కష్టమైందో వేళ్లలో తెలిసింది.

అక్క నా వైపు చూసింది. "వస్తాను. చిన్నీతో ఉంటే ఏమీ చెప్పక్కర్లేదు. అన్నీ తనకి తెలుసు."

ఈ ముప్పై తొమ్మిది రోజులూ నేను కోరుకున్నది ఇదే. అడగకుండానే, అయ్యో పాపం అనిపించుకోకుండానే, కాళ్ల దగ్గరికి వచ్చింది. సరే అంటే చాలు. ఆయన రోజూ వస్తారు. తర్వాత రోజు విడిచి రోజు వస్తారు. తర్వాత ఆదివారాలు. రెండు నెలలు ఆరు నెలలవుతాయి. ఎవరి తప్పూ ఉండదు. అక్క పక్క మంచం మీద పడుకుని ఉంటుంది. పొద్దున టీ ఇద్దరికి పెడతాను. ఇదంతా ఒక్క గుక్కలో కనిపించింది.

"వద్దు" అన్నాను.

ఇద్దరూ తలెత్తారు.

"నాకు ఆఫీసు ఉందిగా. అక్కడైనా పగలు ఒక్కతే ఉండాలి. ఇక్కడైతే దుకాణం పది అడుగుల దూరం. అక్కని దుకాణంలో కూర్చోబెట్టుకోండి. చీటీలు రాస్తుంది. తన దస్తూరీ బాగుంటుంది."

"అది కాదే..." అంది అక్క.

"రావొద్దక్కా." గొంతు గట్టిగానే వచ్చింది. "వస్తే నేను పంపించను. నా సంగతి నాకు తెలుసు."

బావగారు లేచి చేతులు కడుక్కునే నెపంతో పెరటివైపు వెళ్లారు. అక్క ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా నన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత నా కంచంలో మిగిలిన అన్నం చూపించి, "తిను. పారేయకు" అంది.

జూలై 6, శనివారం

డాక్టరు బాగానే ఉందంది. సోమవారం నుంచి ఆఫీసుకి వెళ్లాలి.

అక్క పొద్దున దుకాణంలో రెండు గంటలు కూర్చుంది. ఒక ముసలావిడకి అక్షరాల పలక చదివిస్తూ, ఆవిడ తప్పు చదివితే తను కూడా తప్పే చదివిందట, చిన్నబుచ్చుకోకూడదని. బావగారు నెత్తి బాదుకుంటూ చెప్పారు. నవ్వుతూనే.

జూలై 7, ఆదివారం

ఇంటికి వచ్చాను. ఇది పుస్తకంలోనే రాస్తున్నాను.

బస్టాపు దాకా ఇద్దరూ వచ్చారు. అక్క ఇన్ని రోజుల తర్వాత వీధిలో అంత దూరం నడవడం అదే మొదలు. మధ్యలో ఒకచోట ఆగింది. ఆయాసమని కాదు, ఎవరి ఇంటి ముందో తీగ బాగుందని.

బావగారు బస్సు ఎంతసేపటికి వస్తుందో కనుక్కోవడానికి కొట్టు దగ్గరికి వెళ్లారు.

"ఇంటికెళ్లి ఏం చేస్తావు?" అని అక్క అడిగింది.

"ఏముంది, ఇల్లు తుడుచుకుంటాను. దుమ్ము పట్టి ఉంటుంది."

"అది కాదు. ఒక్కదానివే ఉండటానికి భయం వేస్తుందా?"

ఇరవై రెండేళ్లలో నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు. అడిగేంత అవసరం రానివ్వలేదు నేను. తనని చూసుకునే మనిషిని కదా, నాకు భయమేమిటి.

"వేస్తుందక్కా" అన్నాను. "చాలా."

ధైర్యం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. "నాకు కూడా" అంది. నా చీర కొంగు భుజం మీద సరిచేసింది. అప్పటికి బస్సు వచ్చింది.

బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. వాళ్లిద్దరూ అప్పుడే మళ్లి నడుస్తున్నారు. అక్క ఏదో చెబుతోంది. బావగారు వంగి వింటున్నారు. ఇద్దరిలో ఎవరూ ఇటు చూడలేదు. చూడకపోతేనే మంచిదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి ఊరుకోదు.

రెండో బస్సు మారే చోట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ముఖం దాచుకోలేదు. దాచుకోవడానికి అక్కడ నన్నెరిగినవాళ్లెవరూ లేరు. పక్కన సంచీ ఒళ్లో పెట్టుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. చాలాసేపు రోడ్డుకేసి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఏ బస్సమ్మా మీది?"

చెప్పాను.

"నాదీ అదే. ఇంకా పావుగంట ఉంది" అన్నాడు. "కానివ్వండి."